కుంగుబాటు, ఆందోళన జంట రుగ్మతలు

కుంగుబాటు, ఆందోళన జంట రుగ్మతలు అనగా ఒకే వ్యక్తిలో ఒకే కాలంలో కనిపించే రెండు మానసిక అస్వస్థతలు. కరువు, పంటనష్టం, అప్పులు, అంటువ్యాధులు వంటి సామాజిక ఒత్తిళ్ళ కాలంలో ఇవి ఎక్కువగా బయటపడతాయి. 1997-98లో వరంగల్ జిల్లాలో ఏర్పడిన పత్తి సంక్షోభం ఇటువంటి ఒత్తిడికి తెలుగునాట ప్రముఖ ఉదాహరణ.

పేర్లు, వర్గీకరణ

తెలంగాణ పల్లెల వ్యవహారంలో ఎడతెగని చింతను "రంది" అనీ, భయాన్ని "బుగులు" అనీ, లోలోపల కృంగదీసే దిగులును "మనాది" అనీ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదవ వ్యాధుల వర్గీకరణలో మిశ్రమ ఆందోళన, కుంగుబాటు రుగ్మతకు ఎఫ్ 41.2 అను సంకేతం ఉన్నది. రెండింటి లక్షణాలూ ఉండి, ఏ ఒక్కటీ విడిగా నిర్ధారించదగినంత తీవ్రంగా లేనప్పుడు ఈ పేరు వాడతారు. రెండూ తీవ్రంగా ఉన్నచో రెండు రుగ్మతలనూ వేర్వేరుగా నమోదు చేస్తారు. 2022లో అమలులోకి వచ్చిన పదకొండవ వర్గీకరణ మిశ్రమ రుగ్మతను కుంగుబాటు వ్యాధుల విభాగంలో చేర్చింది.

లక్షణాలు

* కుంగుబాటు: రెండు వారాలకు మించి విచారం, పనిపై అనాసక్తి, నీరసం, నిరాశ, తాను పనికిరానివాడినన్న భావన.
* ఆందోళన: అదుపులేని చింత, గుండె దడ, చెమటలు, కండరాల బిగువు, ఉలికిపాటు.
* రెండింటిలోనూ: నిద్రలేమి, అలసట, ఏకాగ్రత లోపం.

అనేకులు తలనొప్పి, ఛాతీ బరువు, కడుపులో మంట వంటి శారీరక బాధలతోనే వైద్యుని వద్దకు వెళ్తారు. అందువలన అసలు వ్యాధి గుర్తింపునకు రాకుండా పోవచ్చును.

సామాజిక ఒత్తిడితో సంబంధం

ఫిన్లే-జోన్స్, జార్జ్ బ్రౌన్ అను పరిశోధకులు లండన్ మహిళలపై జరిపి 1981లో ప్రచురించిన అధ్యయనంలో, నష్టం కలిగించే సంఘటనలు కుంగుబాటుతోను, రాబోయే ప్రమాదాన్ని సూచించే సంఘటనలు ఆందోళనతోను, రెండూ ఎదురైనవారిలో మిశ్రమ స్థితి సంబంధం కలిగి ఉన్నట్లు తేలింది. కోవిడ్-19 మొదటి సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా ఈ రెండు రుగ్మతలు సుమారు 25 శాతం పెరిగినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది.

వరంగల్ పత్తి సంక్షోభం

కాజీపేట - విజయవాడ రైలు మార్గంలోని నెక్కొండ, దాని పరిసర మండలాలు పత్తి, మిర్చి పండించే ప్రాంతం. 1997-98లో అకాల వర్షాలు, పొగాకు లద్దె పురుగు ఉధృతి వలన జిల్లాలో పత్తి పంట దెబ్బతిన్నది. పురుగుమందులు పనిచేయలేదు. పెట్టుబడికై వడ్డీ వ్యాపారుల వద్ద, మందుల దుకాణాలలో చేసిన అప్పులు మిగిలాయి. పలువురు రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు.

పైన చెప్పిన విభజనను ఇక్కడ అన్వయిస్తే, పోయిన పంట నష్టం, తీర్చవలసిన అప్పు ప్రమాదం. రైతుకు రెండూ ఒకేసారి ఎదురవుతాయి. అయితే ఈ మరణాలకు మానసిక వ్యాధి ఒక్కటే కారణమనుట సరికాదు. పరపతి, ధర, నాణ్యమైన విత్తనం అను సమస్యలు తీరకుండా మందులతో మాత్రమే ఈ బాధ తీరదు. అలాగని చికిత్సను ఉపేక్షించరాదు.

చికిత్స

సంజ్ఞానాత్మక ప్రవర్తనా చికిత్స, ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతి మందులు రెండు రుగ్మతలకూ ఉపకరిస్తాయి. మందుల ప్రభావం కనిపించుటకు సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. వైద్యుని సలహా లేకుండా వాటిని మధ్యలో ఆపరాదు. నిద్రమాత్రలను దీర్ఘకాలం వాడితే అలవాటుగా మారే ప్రమాదమున్నది. మద్యం రెండింటినీ తీవ్రతరం చేస్తుంది.

ప్రభుత్వ చర్యలు

* 1996: జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో ప్రారంభమైనది.
* 2004: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421వ నంబరు ఉత్తర్వు ద్వారా మృతుల కుటుంబాలకు 1.5 లక్షల రూపాయల సహాయం ప్రకటించింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం దీనిని 6 లక్షలకు పెంచింది.
* 2018: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) అమలులోకి వచ్చింది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించి సంరక్షణ కల్పించాలని దీని 115వ సెక్షను చెప్తుంది. అదే సంవత్సరం రైతుబీమా మొదలైనది. పట్టాదారులకే వర్తించుటచే సొంత భూమి లేని కౌలు రైతులు దీని పరిధిలోకి రాలేదు.
* 2022: టెలి మానస్ సేవ ప్రారంభమైనది. 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో సలహా పొందవచ్చును.

ఇవి కూడా చూడండి

* నెక్కొండ మండలం
* పత్తి
* మానసిక శాస్త్రం