రాణి, ఆరు, నాలుగు

లెస్టర్‌లో మేముండే వీధికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక కాసినో ఉంది. పద్దెనిమిదేళ్ళుగా దాని ముందు నుంచే బడికి వెళ్ళి వస్తున్నాను. నేను లెక్కల మాస్టర్ని. మూడేళ్ళ కిందటి దాకా ఆ గుమ్మం తొక్కలేదు. తొక్కేలా చేసింది ఒక కుర్రాడు.

వాళ్ళది పాలకొల్లు దగ్గర మా పక్క ఊరే. ఇక్కడ ఎంఎస్సీ చదువుతూ రాత్రిళ్ళు గిడ్డంగిలో పనిచేసేవాడు. ఫీజు రెండో వాయిదాకని దాచుకున్న డబ్బులో సగానికి పైగా ఆరు వారాల్లో పోగొట్టుకుని ఒక ఆదివారం మా ఇంటికొచ్చాడు. తల ఎత్తలేదు. మా ఆవిడ అన్నం పెడితే కలుపుతూ కూర్చున్నాడు గానీ ముద్ద నోట పెట్టలేదు. "జూదమని వెళ్ళలేదు బాబాయ్. అది మన మూడు ముక్కలాటే. సంక్రాంతికి తోటలో మనవాళ్ళు ఆడేదే. నాకు బాగా వచ్చు కదా అని కూర్చున్నాను" అన్నాడు.

వాడు చెప్పిన దాంట్లో సగం నిజం. మిగతా సగం తెలియాలంటే ఈ దేశం పేకాటతో పడ్డ అవస్థ కొంత తెలియాలి.

ముందు నిజమైన సగం. ఇంగ్లండులో 'బ్రాగ్' అని పాత ఆట ఒకటుంది. బ్రాగ్ అంటే బడాయి. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు పందెం పెంచి ఎదుటివాణ్ణి బెదరగొట్టడమే దాని ప్రాణం. పేకాట శాస్త్రకారుడిగా పేరుపడ్డ ఎడ్మండ్ హాయిల్ 1751లోనే దానిమీద చిన్న పుస్తకం రాశాడు. దాని మూడు ముక్కల రూపమే తెల్లవాళ్ళతో ఓడెక్కి మన దేశం వచ్చి తీన్ పత్తీ అయింది, ఫ్లష్ అయింది, మన ఊళ్ళలో మూడు ముక్కలాట అయింది. 1967లో సికింద్రాబాద్ క్లబ్బొకదాని కేసులో మన సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యం ప్రధానమైన ఆటగా ఒప్పుకుంది. పోలిక కోసం మూడు ముక్కలాటను ప్రస్తావిస్తూ ఫ్లష్, బ్రాగ్ అన్న పేర్లు చెప్పి, అది కేవలం అదృష్టం మీద నడిచేదని తేల్చింది. అలా ఆ ఇంగ్లీషు పేరు మన తీర్పులో కూడా నిలిచిపోయింది.

ఇంగ్లండు రాజ్యానికి పేకాట మీద పేచీ కొత్తది కాదు. 1541లో ఎనిమిదో హెన్రీ కాలంలో చట్టం చేశారు. జనం పేక, పాచికలు, బంతులాటల్లో పడి విలువిద్య మరిచిపోతున్నారని కంగారు. కూలీలు, నౌకర్లు వీటిని క్రిస్మస్ రోజుల్లోనే ఆడాలన్నారు. అది చదివినప్పుడు నాకు మా ఊరి భోగి, సంక్రాంతి, కనుమ గుర్తొచ్చాయి. ఆ మూడు రోజులూ కోడిపందేల బరి పక్కనే చాపలు పరిచేవారు, చూసీచూడనట్టు ఊరంతా ఊరుకునేది. మా పెదనాన్న ఎకరన్నర కొబ్బరితోట ఆ చాప మీదే పోయింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కొన్నవాడు గెల కోయించుకుంటుంటే గట్టున నిలబడి చూసిన మా పెద్దమ్మ ముఖం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

1845 చట్టంతో ఇక్కడ పందెం బాకీకి కోర్టులో విలువ లేకుండా పోయింది. గెలిచినవాడు దావా వేసి రాబట్టుకోలేడు. ఆ పద్ధతి 2007 దాకా నడిచింది. మధ్యలో వచ్చిందే అసలు కథ, 1960 చట్టం. ఇళ్ళలో, క్లబ్బుల్లో చిన్న పందేలకు బ్రిడ్జి ఆడుకునే పెద్దమనుషుల్ని పోలీసులు పట్టుకోవడం బాగుండదని పార్లమెంటు కాస్త తలుపు తీసింది. ముఖ్యమైన షరతు ఒకటి పెట్టింది. గెలిచే అవకాశం ఆటగాళ్ళందరికీ సమానంగా ఉండాలి. అంటే ఆట పెట్టినవాడికి ప్రత్యేకంగా మొగ్గు ఉండకూడదు.

ఎంత న్యాయమైన షరతో చూడండి. మన తోటలో చాప మీద కూర్చున్న అయిదుగురికీ ముక్కలు ఒకేలా పడతాయి. ఒకరి డబ్బు ఇంకొకరికి పోతుంది తప్ప చాప పరిచినవాడికి పోదు. కాసినోలో అలా కాదు, అక్కడ మనకెదురుగా కూర్చునేది బ్యాంకు, అంటే అందరి పందేలకూ ఎదురు నిలబడేవాడు. ఆ బ్యాంకుకు మొగ్గు లేకపోతే కాసినో లేదు. అందుకని క్లబ్బులవాళ్ళు దారి కనిపెట్టారు. అవకాశం అందరికీ సమానమేనని చూపించడానికి "బ్యాంకు ఎవరైనా పట్టుకుంటారా?" అని ప్రతిసారీ మర్యాదగా అడిగేవారు. అంత డబ్బు ఎవరి దగ్గరుంటుంది? ఎవరూ పట్టుకునేవారు కాదు. రౌలెట్ చక్రంలో సున్నా గడి ఈ షరతుకు సరిపోతుందా లేదా అన్న తగువు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్ళింది. ఈలోగా దేశంలో దాదాపు వెయ్యి జూదశాలలు వెలిశాయి. లండన్‌లో కొన్నింటి వెనక క్రే సోదరుల్లాంటి రౌడీలు చేరారు.

దెబ్బ తిన్నాక 1968లో ఇంకో చట్టం తెచ్చారు. నా దృష్టిలో ఈ దేశం జూదం మీద చేసిన చట్టాలన్నింటిలోకీ తెలివైనది అదే. బ్యాంకుకు మొగ్గు ఉంటుందని నిజాయితీగా ఒప్పుకున్నారు. ఒప్పుకుని, దానికి కళ్ళెం వేశారు. ఏ ఆటలు ఉండొచ్చో, వాటిలో గెలుపుకు ఎంత చెల్లించాలో ప్రభుత్వం నిర్ణయించింది. గేమింగ్ బోర్డు పుట్టింది. ప్రకటనలు వద్దన్నారు. ముందుగా సభ్యత్వం రాయించుకుని 48 గంటలు ఆగితే తప్ప ఆడనివ్వకూడదన్నారు. ఉన్న కోరికను ఆపకపోవచ్చు గానీ, లేని కోరికను పుట్టించకూడదన్నది సూత్రం. కాసినోలు వంద పైచిలుకుకు తగ్గిపోయాయి. 2005 చట్టం ఆ నిరీక్షణను ఎత్తేసింది. మా కుర్రాడు గిడ్డంగి నుంచి వస్తూ వాన పడుతోందని లోపలికి వెళ్ళాడు. 1970లో అయితే ఆ రాత్రి వాణ్ణి బల్ల దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఇప్పుడు వాడు ఆడిన ఆట. డెరెక్ వెబ్ అనే ఇంగ్లీషు పేకాటగాడు 1990ల మధ్యలో పాత బ్రాగ్‌ను తీసుకుని, ఆటగాడికీ డీలరుకూ మధ్య జరిగేలా మార్చి 'త్రీ కార్డ్ పోకర్' అని పేరు పెట్టాడు. అమెరికా కాసినోల్లో అది విపరీతంగా ఆడింది. ఒక సాయంత్రం వెళ్ళి రెండు గంటలు నిలబడి చూశాను. ఆకుపచ్చ గుడ్డ మీద ఒక్కో కుర్చీ ముందు మూడు గుర్తులు. మొదటి పందెం పెడితే మిషన్ కలిపిన పేకలోంచి మనకు మూడు, డీలరుకు మూడు ముక్కలు వస్తాయి. మనవి చూసుకుని వదిలేయచ్చు. లేదా అంతే మొత్తం మళ్ళీ పెట్టి ఆడొచ్చు. డీలరు దగ్గర కనీసం రాణి లేకపోతే ఆట చెల్లదు. మొదటి పందేనికి మాత్రం డబ్బిచ్చి, రెండోది తిరిగిచ్చేస్తారు.

బ్యాంకు మొగ్గులో కొంత ఇక్కడే ఉంది. 52 ముక్కల్లోంచి మూడేసి చొప్పున 22,100 రకాలుగా తీయొచ్చు. అందులో 6,720 సార్లు డీలరు చేతిలో రాణి కూడా ఉండదు, జతో అంతకంటే మంచిదో కూడా ఉండదు. అంటే నూటికి 30 సార్లు. మీకు ఎంత మంచి ముక్కలు పడినా ఆ 30 సార్లు రెండో పందేనికి ఏమీ రాదు. మీరు వదిలేసిన ప్రతిసారీ మాత్రం మొదటి పందెం పోతుంది, డీలరు చేతిలో చెత్త ఉన్నా సరే.

ఎప్పుడు ఆడాలన్నదానికి లెక్క కట్టిన జవాబు ఒకటే. రాణి, ఆరు, నాలుగు, లేదా అంతకంటే మెరుగైనవి ఉంటే ఆడాలి, లేకపోతే వదిలేయాలి. ఆ మూడు ముక్కలతో గెలుస్తామని కాదు. ఆడితే సగటున పోయేది మొదటి పందెం కంటే వెంట్రుకవాసి తక్కువ, అంతే. నాలుగు బదులు మూడు ఉంటే వెంట్రుకవాసి ఎక్కువ. ఈ సూత్రం తు.చ. తప్పకుండా పాటించినా మొదటి పందెంలో నూటికి 3.37 బ్యాంకుకే పోతుంది. రాణి ఉంటే చాలు, ఆడేయడం అనుకుంటే 3.45. ముక్కలు చూడకుండా ప్రతిసారీ ఆడేస్తే 7.65.

మా కుర్రాడు చేసింది ఆ చివరిదే. మన ఆటలో బ్లైండు ఆడేవాడికి సగం పందెంతో సరిపోతుంది, చూసి ఆడేవాడు రెట్టింపు పెట్టాలి. బ్లైండువాడి ధైర్యం చూసి అవతలివాడు ప్యాకవుతాడు. బ్లైండు అక్కడ ఒక ఆయుధం. ఇక్కడ డీలరమ్మాయి బెదరదు, ప్యాకవదు. ఆమెకు జీతం వస్తుంది, ముక్కలు తిప్పి చూపిస్తుంది. బ్రాగ్‌లోంచి బడాయి తీసేస్తే మిగిలింది లెక్క ఒక్కటే, ఆ లెక్క బ్యాంకుది. వాడికి బాగా వచ్చిన విద్య ఆ బల్ల దగ్గర పనికిరాలేదు. మిగతా సగం అది.

పక్కనే ఉన్న 'పెయిర్ ప్లస్' గుర్తు ఇంకా నేర్పైనది. డీలరుతో పని లేదు, మీకు జతో అంతకంటే మంచిదో పడితే డబ్బు. కలర్‌కు నాలుగింతలు ఇచ్చే బల్ల దగ్గర బ్యాంకు మొగ్గు నూటికి 2.32. మిగతావన్నీ అలాగే ఉంచి ఆ నాలుగును మూడు చేస్తే 7.28. గుడ్డ మీద ఒక్క అంకె మారింది, మొగ్గు మూడింతలు దాటింది. ఇది మా పిల్లలకు బోర్డు మీద వేసి చూపించాను. వెనక బెంచీలో ఎప్పుడూ నిద్రపోయే అమ్మాయి లేచి కూర్చుంది.

డెరెక్ వెబ్ కథ అక్కడితో ఆగలేదు. ఆయన్ని నేను గౌరవించేది తర్వాత చేసిన పనికి. ఇక్కడ ప్రతి బజారులోనూ బెట్టింగ్ దుకాణాలుంటాయి. వాటిలో రౌలెట్ మిషన్లు పెట్టి ఇరవై సెకన్లకోసారి వంద పౌండ్ల దాకా పందెం కాయనిచ్చేవారు. వెబ్ తాను సంపాదించిన డబ్బు పెట్టి వాటిమీద ఉద్యమం నడిపాడు. ఏళ్ళపాటు సాగిన పోరు అది. పందెం తగ్గింపు ఆలస్యమవుతోందని 2018లో ట్రేసీ క్రౌచ్ అనే మంత్రి రాజీనామా చేసింది. చివరికి 2019 ఏప్రిల్ 1 నుంచి గరిష్ఠ పందెం రెండు పౌండ్లకు దిగింది.

ఆ మిషన్లలో బ్యాంకు మొగ్గు 2.7 శాతమే, మన త్రీ కార్డ్ పోకర్ కంటే తక్కువ. కానీ గంటకు 180 సార్లు, సారికి వంద చొప్పున కాస్తే సగటున పోయేది 486 పౌండ్లు. పోకర్ బల్ల దగ్గర అయిదు పౌండ్ల పందెంతో గంటకు యాభై ఆటలు సరైన సూత్రంతో ఆడితే పోయేది సుమారు ఎనిమిదిన్నర. మనిషిని ముంచేది శాతం ఒక్కటే కాదు. పందెం ఎంత, ఎంత వేగం, తలుపు ఎంత బార్లా తెరిచి ఉంది అన్నవి కూడా.

బ్రిటిష్‌వాళ్ళు 1867లో మనకు ఇచ్చిపోయిన జూద చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న ఒక్క ప్రశ్న పట్టుకుంది. మనం నూటయాభై ఏళ్ళు ఆ ప్రశ్న మీదే వాదించుకున్నాం. ఇచ్చినవాళ్ళు మాత్రం దాన్ని దాటి, మొగ్గు ఎవరిది, ఎంత వేగం అని అడగడం నేర్చుకున్నారు. ఆలస్యంగానే, చాలా ఇళ్ళు కూలాకే నేర్చుకున్నారు. మన చట్టసభల్లో పేకాట గురించి మాట్లాడేవాళ్ళు ఆ ప్రశ్నలు కూడా అడగాలని నా కోరిక.

మా కుర్రాడు చదువు పూర్తి చేశాడు. మిగిలిన ఫీజు నలుగురం సర్దాం, వాడు నెలనెలా తీర్చేశాడు. మీ పిల్లలు ఇక్కడికి చదువుకు వస్తుంటే పచ్చళ్ళు కట్టేటప్పుడే ఈ సంగతీ చెప్పండి. ఆ బల్ల మీద ఉన్నది మన మూడు ముక్కలాట కాదని చెప్పండి. ఒకవేళ చిక్కుకుంటే, తనను లోపలికి రానివ్వొద్దని కాసినోలకు తానే రాసిచ్చే ఏర్పాటు ఇక్కడ ఉంది, దాని పేరు సెన్స్. ఆన్‌లైన్ ఆటలకైతే గామ్‌స్టాప్. రెండూ ఉచితం.