చీటీలో రాసిన వయసు: కర్నూలు, కడపల్లో పేగుజబ్బు చరిత్ర

1876–78 నాటి ధాత కరువు తర్వాత కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. కలరాతో, జ్వరాలతో, ఆగని విరేచనాలతో పోయినవారు అసంఖ్యాకులు. మద్రాసులో కరువు బాధితులకు శవపరీక్షలు చేసిన వైద్యుడు అలెగ్జాండర్ పోర్టర్ 1889లో అచ్చువేసిన గ్రంథంలో వాళ్ల పేగుల స్థితిని వివరంగా నమోదు చేశాడు. ఆనాటి వైద్యానికి దీర్ఘకాలపు బేదులంటే ఆకలి ఫలితం, లేదా చెడ్డ నీటి ఫలితం. నెత్తురుబంక ఏ వయసులో మొదలైందని విడిగా అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఆ ప్రశ్న పుట్టడానికి ముందు జబ్బుకు పేరు కావాలి. లండన్‌లో శామ్యూల్ విల్క్స్ 1859లో 42 ఏళ్ల మహిళ పేగులను పరీక్షించి రాసిన నివేదికను అల్సరేటివ్ కొలైటిస్‌కు తొలి వర్ణనగా చెబుతారు. అది నిజానికి క్రోన్స్ వ్యాధి కావచ్చని తర్వాతివారు తేల్చడం వేరే కథ. 1932లో న్యూయార్క్ వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ 14 మంది రోగులను వర్ణిస్తూ, ఇది ముఖ్యంగా యువతను పట్టే జబ్బని మొదట్లోనే అన్నారు. అంటే పేరుతో పాటే వయసు కూడా చర్చలోకి వచ్చింది.

మన దగ్గర అడ్డం వచ్చింది క్షయ. చిన్నపేగు చివర పుండ్లు, ఇరుకు, బరువు తగ్గడం, సాయంత్రపు జ్వరం క్షయలోనూ క్రోన్స్‌లోనూ ఉంటాయి. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి టాండన్, ప్రకాశ్ 1972లో రెండు జబ్బుల కణజాల భేదాన్ని విడమర్చి చూపేదాకా, క్రోన్స్ భారతదేశంలో ఉందా అన్నదే వాదం. అప్పటికి కర్నూలుకు రాజధాని వచ్చి పోయింది. 1950లలోనే వచ్చిన వైద్య కళాశాల మాత్రం నిలిచింది. జీర్ణకోశ వైద్యంలో ప్రపంచమంతా ఎరిగిన డి. నాగేశ్వర్ రెడ్డి ఎంబీబీఎస్ చదివింది అక్కడే. కడపకు రిమ్స్ వైద్య కళాశాల రావడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈలోగా పాశ్చాత్య వైద్యులు వయసుకు గీతలు గీస్తూ వచ్చారు. 1998 నాటి వియన్నా వర్గీకరణకు 40 ఏళ్ల గీత ఒక్కటే సరిపోయింది. 2005లో మాంట్రియల్ 17 ఏళ్ల లోపువారిని విడదీసింది. 2011లో పారిస్ పదేళ్ల లోపువారిని మళ్లీ విడదీసింది. ఇదంతా కాగితాల మీద ముచ్చట కాదు. పిల్లల్లో అల్సరేటివ్ కొలైటిస్ చాలాసార్లు పెద్దపేగు మొత్తాన్నీ పట్టేస్తుంది. పెద్దల్లో ఎక్కువమందికి ఒక భాగంతో మొదలవుతుంది. బాల్యంలో వచ్చే క్రోన్స్ త్వరగా పాకుతుందని స్కాట్లాండ్ పరిశోధకులు 2008లో చూపారు. అది ఎదుగుదలను ఆపేస్తుంది, ఈడుకు రావడాన్ని వాయిదా వేస్తుంది. పోషకాహార లోపం కొత్త కాని కరువుసీమలో పొట్టిగా, బక్కగా ఉన్న పిల్లవాణ్ణి చూసి పేగును అనుమానించేదెవరు? స్వీడన్‌లో 3,117 మంది కొలైటిస్ రోగులపై 1990లో వచ్చిన అధ్యయనం, పేగంతా జబ్బు పాకినవారికి 35 ఏళ్ల తర్వాత క్యాన్సర్ ముప్పు 30 శాతమని, 15 ఏళ్లలోపే బయటపడితే 40 శాతమని చెప్పింది. తర్వాతి లెక్కలు అంత భయపెట్టవు కానీ, దిశ మారలేదు.

అరవై దాటాక వస్తే నడక వేరు. ఉత్తర ఫ్రాన్స్ నమోదుల ఆధారంగా 2014లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఆ వయసులో క్రోన్స్ ఎక్కువగా పెద్దపేగుకే పరిమితమవుతుంది, పాకడం అరుదు. ముసలివారికి జబ్బు కంటే మందులే, ముఖ్యంగా స్టెరాయిడ్లు తెచ్చే ఇన్‌ఫెక్షన్లే, ఎక్కువ ప్రమాదం కావచ్చు.

రెండేళ్లలోపు శిశువులది మరో లోకం. ఐఎల్-10 గ్రాహక జన్యువుల లోపం వల్ల పసిపిల్లల పేగులు పుండ్లమయం అవుతాయని 2009లో తేలింది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపభూయిష్ట జన్యువు వస్తేనే ఆ జబ్బు. మేనరికాలు ఇంకా జరిగే మన సీమలో ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన సంగతి కాదు.

ఐబీడీ, అంటే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్‌ల ఉమ్మడి పేరు, పట్నవాసుల జబ్బన్న నమ్మకమూ సడలింది. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ బృందం జీర్ణకోశ ఇబ్బందులున్న 30 వేల మందికి పైగా పరీక్షించి 2023లో ప్రచురించిన ఫలితాల్లో, పల్లెలకూ పట్నాలకూ పెద్ద తేడా కనిపించలేదు. కెనడాలోని ఒంటారియోలో వలసవచ్చినవారిపై 2015లో చేసిన అధ్యయనం ఇంకో కోణం చూపింది: ఎంత చిన్న వయసులో వచ్చి స్థిరపడితే ముప్పు అంత ఎక్కువ. దక్షిణాసియా వారి పిల్లలైతే స్థానికులతో సమానం.

చరిత్రకారుడికి ఇక్కడొక చిక్కుంది. మాంట్రియల్ వర్గీకరణ లెక్కించేది జబ్బు మొదలైన వయసును కాదు, గుర్తించిన వయసును. క్షయేమోనన్న అనుమానంతో నెలల తరబడి మందులు మింగి, ఆ తర్వాత వేలూరుకో హైదరాబాదుకో చేరే దారిలో ఆ రెండు వయసుల మధ్య ఏళ్లు గడిచిపోతాయి. పదిహేనో ఏట నొప్పి మొదలైన కుర్రవాడు పద్దెనిమిదో ఏట పేరు తెలుసుకుంటే, లెక్కల్లో పెద్దవాడిగానే చేరతాడు. బాల్యపు జబ్బు తీవ్రత పెద్దల ఖాతాలో పడుతుంది. ఈ తేడాను పట్టించుకోకుండా ఐరోపా పట్టికలతో మన రోగులను పోల్చడం నా దృష్టిలో తొందరపాటు. కర్నూలు, కడప ఆస్పత్రుల వైద్యులకు ఒక విన్నపం: చీటీ మీద రెండు వయసులూ రాయండి, మొదటిసారి నెత్తురు పడిన వయసు, జబ్బుకు పేరు పెట్టిన వయసు.