మీర్ జుమ్లా మొహరు, మన గల్ఫ్ దుకాణం

వ్యాపారం పెరిగి సముద్రాలు దాటినంక దాని పగ్గం యజమాని చేతిలోనే ఉండుట ఎట్లా? మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల నుండి గల్ఫ్ వెళ్ళి దుకాణం తెరిచిన ప్రతి సోదరుడూ ఎదుర్కొన్న ప్రశ్న ఇది. గోలకొండ కాలంలో ఒక మహా వ్యాపారికీ ఇదే ప్రశ్న వచ్చింది.

ఆయన మీర్ ముహమ్మద్ సయ్యద్. ఇరాన్ దేశపు అర్దిస్తాన్ వాడు, నూనె వ్యాపారి కొడుకు. గుర్రాల వర్తకుని గుమాస్తాగా గోలకొండకు వచ్చి, వజ్రాల బేరంలో ఎదిగి, అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మీర్ జుమ్లా పదవి పొందినాడు. సొంత ఓడలు పర్షియా, పెగూ, అరకాన్, మకస్సర్ రేవులకు తిరిగేవి. వజ్రాల గనులను వేరే వేరే పేర్లతో గుత్తకు పట్టినాడు. పేరు ఎవరిదైనా పెత్తనం ఆయనదే!

అదెట్లా సాధ్యమైంది? 1652లో గండికోటలో ఆయనను చూసిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాసిపెట్టినాడు. నవాబు చెప్పులు లేకుండా కూర్చొని, కాలివేళ్ళ సందుల్లో, ఎడమచేతి వేళ్ళ సందుల్లో ఉత్తరాలు పెట్టుకొని, ఒక్కొక్కటి తీసి ఇద్దరు మున్షీలకు జవాబు చెప్పేవాడట. కొన్ని తానే రాసేవాడు. రాసినవి చదివించుకొని విని, మొహరు మాత్రం స్వయంగా వేసి హర్కారాలకు ఇచ్చేవాడు. మన సేట్లలో ఇంత ఓపిక ఎందరికున్నదో!

అయితే ఉత్తరాలు, మొహరు చేతిలో ఉన్నా రాజ్యం చేతిలో లేదు. 1655లో సుల్తాను ఆయన కొడుకు ముహమ్మద్ అమీన్‌ను బంధించి ఆస్తి జప్తు చేసినాడు. మీర్ జుమ్లా మొగలుల పక్షం చేరవలసి వచ్చింది.

మన గల్ఫ్ కథలో సుల్తాను స్థానంలో కఫీల్ ఉన్నాడు. 1973లో చమురు ధర పెరిగినంక మనవాళ్ళు కూలికి పోయినారు. కొందరు కిరాణా, టైలరింగ్ దుకాణాలు పెట్టినారు. ఎమిరేట్స్‌లో 1984 కంపెనీల చట్టం ప్రకారం కనీసం 51 శాతం వాటా ఆ దేశస్థునిదే కావాలె. పెట్టుబడి, చెమట మనవి, కాగితం మీద పెద్ద వాటా అరబ్బుది. పగ్గం నిలుపుకొనుటకు లోపాయికారీ ఒప్పందం రాసుకొని, వకాలత్‌నామా తీసుకొని, బ్యాంకు సంతకం తమ దగ్గర పెట్టుకునేవారు. కఫీల్ నిజాయితీపరుడైతే జీవితాంతం నడిచింది. అడ్డం తిరిగితే ఆ ఒప్పందం కోర్టులో నిలుచునన్న భరోసా లేదు. 1985లో వచ్చిన జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో పూర్తి వాటా దొరికేది గాని, అది గోదాముల వాళ్ళకు; గల్లీ దుకాణానికి కాదు.

2021 జూన్ 1 నుండి ఆ చట్టం మారింది. చాలా వ్యాపారాలలో నూరు శాతం వాటా విదేశీయుడే ఉంచుకోవచ్చు. పాత లైసెన్సులు మార్పించుకొన్నారా అన్నది ఎవరికి వారు చూసుకోవలసినదే.

ఇంకొక మాట. ఇక్కడ బీడీలు చుట్టుకుంటూ ఇల్లు నడిపే తల్లికి, భార్యకు ఆ దుకాణం ఎవరి పేర ఉన్నదో చాలా ఇళ్ళలో తెలియదు. వకాలత్‌నామా ఇచ్చిన మనిషి మరణిస్తే ఆ కాగితం అక్కడితోనే చెల్లదు. సొమ్ము వారసులకు చేరుటకు అక్కడి కోర్టు కాగితాలు కావాలె. అప్పును సాక్షులతో రాసుకొమ్మని సూరా బఖరా 282వ ఆయత్‌లో ఉన్నది మనకు తెలిసినదే. లైసెన్సు, భాగస్వామ్య పత్రం, అప్పుల ఖాతా నకళ్ళు ఒక్కొక్కటి ఇంటి బీరువాలో ఉండాలె.