జీవోటీ అయిపోయిందా మాస్టారూ?

కృష్ణా జిల్లా జెడ్పీ హైస్కూలు స్టాఫ్‌రూములో నలభై దాటిన స్కూల్ అసిస్టెంటుని "హెడ్మాస్టరు అవ్వాలనుందా?" అని ఎవరూ అడగరు. "జీవోటీ, ఈవోటీ అయిపోయాయా?" అంటారు, అంతే. సోషల్ మాస్టర్ని కదా, టెస్టులు పాసై హెడ్మాస్టరయ్యే ఈ పద్ధతి ఎలా మొదలైందో వెనక్కి వెళ్లి చూడబుద్ధయింది.

వెనక్కి వెళ్తే ముందు బందరే (మచిలీపట్నం) తగులుతుంది. రాబర్ట్ నోబుల్ 1841లో అక్కడికొచ్చి, తెలుగు నేర్చుకుని, 1843లో బడి తెరిచాడు. మతప్రచారం కోసమే వచ్చాడు, ఆ మాట దాచుకోనూ లేదు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన దాదాపు 30 వేల మందిని మింగినా ఊరు విడవలేదు. మరుసటేడు చనిపోయేదాకా ఇంగ్లండు మొహం చూడలేదు. అలాంటి హెడ్మాస్టరుకి ఇంటర్వ్యూ ఎవరు చేస్తారు?

1907లో బిపిన్ చంద్రపాల్ మన ఊళ్లు తిరిగి ప్రసంగించాక స్వదేశీ గాలి వీచింది. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. కోపల్లె హనుమంతరావు గారు ఎం.ఏ., బి.ఎల్. చదివినవారు. ప్లీడరీ చేసుకుంటే హాయిగా గడిచిపోయేది. ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్లతో కలిసి ఆయన ఆ కళాశాలను తలకెత్తుకున్నారు. సర్కారు గ్రాంటు వద్దనుకున్నారు గనక చందాలతోనే నడపాలి. 1922లో పోయేదాకా ఆయనకి అదే లోకం. ఆయన పేరు చెబితే నాకిప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ ఊరికో కోపల్లె పుట్టరు కదా! హైస్కూళ్లేమో ఊరూరా వచ్చేశాయి.

1855లో బెజవాడ (విజయవాడ) దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పండింది, ధాన్యం డబ్బు ఆడింది, పిల్లల చదువు మీద ఆశా పెరిగింది. స్థలమిచ్చిన ఆసామి, చందా వేసిన కామందు, తర్వాత జిల్లా బోర్డు: బడి ఎవరి చేతిలో ఉంటే హెడ్మాస్టరూ వాళ్ల మనిషే. ఎయిడెడ్ బళ్లలో కరస్పాండెంటు మాటే జీవో. బాగా చెప్పే మాస్టారు పక్కకుపోయి, పెద్దమనిషి అరుగు మీద రోజూ కనపడే మాస్టారు కుర్చీ ఎక్కిన కథలు మా పెద్దవాళ్లు పుంఖానుపుంఖాలుగా చెప్పేవారు.

1959లో జిల్లా పరిషత్తులొచ్చి బోర్డు హైస్కూళ్లు వాటి కిందికి వెళ్లాయి. పోనుపోను సీనియారిటీ లిస్టే అన్నిటికీ ఆధారమైంది. "వయసును బట్టి నాయకత్వమా!" అని దాన్ని వెక్కిరించేవాళ్లున్నారు. అరుగుల కాలం సంగతి విన్నవాణ్ణి, నేను వెక్కిరించలేను. లిస్టులో నంబరు ఎవరి దయ మీదా ఆధారపడదు. పేరు ఎక్కడుందో చూసుకోవడానికి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బస్సులో ఊగుతూ బందరు డీఈవో ఆఫీసుకి వెళ్లేవాళ్లం. సూపరింటెండెంటు ఫైలు తిప్పితే పేరు కనపడేది. అదొక ధైర్యం.

ఇక పరీక్షలు. సర్వీస్ కమిషన్ పెట్టే జీవోటీ (గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు) రెండు పేపర్లు, ఈవోటీ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు) ఒకటి. ఆ రోజుల్లో పుస్తకాలు ముందేసుకునే రాసేవాళ్లం. బెజవాడ ఏలూరు రోడ్డు షాపులో గైడు కొనుక్కుని, ట్రెజరీ కోడ్‌లో ఏ రూలు ఏ పేజీలో ఉందో చీటీలు అంటించుకుని వెళ్లేవాళ్లం. నిజం చెప్పాలంటే చాలామంది రాసింది కుర్చీ కోసం కాదు, 12 ఏళ్ల స్కేలు కోసం. ఆ టెస్టులు లేకపోతే ఆ స్కేలు రాదు మరి. గొడవపడ్డ ఇద్దరు టీచర్లని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడటం ఏ పేపర్లోనూ రాదు.

1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో జోన్లు ఏర్పడ్డాయి. అప్పట్లో మనది రెండో జోను, కృష్ణతో పాటు ఉభయ గోదావరి జిల్లాలూ. గెజిటెడ్ హెడ్మాస్టరుది జోనల్ పోస్టు. అంటే బెజవాడ పక్కన పనిచేసే మనిషి ప్రమోషను తీసుకుంటే గోదావరి అవతల తేలొచ్చు.

మా లెక్కల మేడం సంగతే చూడండి. హెడ్మాస్టరు రిటైరయ్యాక ఎఫ్.ఏ.సి. (పూర్తి అదనపు బాధ్యత) ఆవిడకే ఇచ్చారు. చార్జి తీసుకునే రోజున క్యాష్‌బుక్కులో నిల్వ లెక్కపెట్టారు. అడ్మిషన్ రిజిస్టరు తిరగేశారు. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు తూకం వేయించారు. స్టాకు రిజిస్టరులో ఉన్న బెంచీలు గదుల్లో లేకపోతే "ఇవి దొరికాకే సంతకం" అని కూర్చున్నారు. సాయంత్రానికి అవి ఊళ్లో పెళ్లింటి నుంచి తిరిగొచ్చాయి. ఏడాది పైన బడిని అలాగే నడిపారు. తీరా ప్రమోషన్ల కౌన్సెలింగుకి పిలుపొస్తే, వద్దని రాసిచ్చేశారు.

"అదేంటి మేడం, అన్నీ మీకు తెలిసినవే కదా" అన్నాను.

"కోనసీమ లంకలో కుర్చీ ఇస్తే ఏం చేసుకోను మాస్టారూ? మా మామయ్యగారికి ఇన్సులిన్ ఎవరు వేస్తారు?"

రాష్ట్ర సర్వీసు నిబంధనల్లో 28వ రూలు ప్రకారం హక్కు వదులుకుంటున్నట్టు కాగితం ఇస్తే సరిపోతుంది. ఆ చోటు లిస్టులో తర్వాతివారికి వెళ్తుంది. అలా ఆ కుర్చీ దక్కిన ఆయన సబ్జెక్టులో గట్టి మనిషే, క్యాష్‌బుక్కు మాత్రం ముట్టుకోడు. ట్రెజరీ బిల్లులన్నీ క్లర్కు దయే.

2022లో బెజవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది, సరిహద్దులు మళ్లీ మారాయి. కౌన్సెలింగూ వెబ్‌లోకి వెళ్లింది. నా మటుకు నాకు సీనియారిటీ ఉండాల్సిందే. దానికి తోడు లిస్టులో పైనున్నవాళ్లని ఒక్క టర్మ్ అయినా, రిటైరవ్వబోయే హెడ్మాస్టరు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. కావాలో వద్దో అప్పుడు వాళ్లే చెబుతారు.