మెహమాన్, ముసాఫిర్, కిరాయి

పోయిన రంజాన్ ముందు మా ఇంట్ల ఒక బహస్ మొదలైంది. ఇప్పటికీ ఒడవలేదు.

మాది రామకృష్ణాపూర్. అబ్బా బొగ్గుబాయిల పనిచేసి రిటైరయిండు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసే నాటికి ఒక చిన్న ఇల్లు కట్టుకున్నం. పైన రెండు రూములున్నయి. చెల్లెలి షాదీ అయినంక అవి ఖాళీగనే ఉంటున్నయి. 2027ల గోదావరి పుష్కరాలున్నయి కదా. 2015 జూలైల పుష్కరాలప్పుడు మంచిర్యాల దిక్కు జనం ఎట్ల పోటెత్తిన్రో అందరం చూసినం. తమ్ముడు ఆ లెక్క పట్టుకొని, "పైరూములు రోజు కిరాయికిద్దాం అబ్బా, ఆ పన్నెండు రోజులే కాదు, కాంట్రాక్టు పనులకు వచ్చేటోళ్లు కూడా అడుగుతున్నరు" అన్నడు.

అబ్బా మొఖం చిన్నబోయింది. "ఇంటికొచ్చినోళ్ల దగ్గర పైసలు తీస్కునుడేందిరా? మనమేమన్న సరాయి నడుపుతున్నమా?"

ఆ 'సరాయి' అన్న మాట నన్ను పట్టుకుంది. అబ్బా దాన్ని తక్కువ చేసి అన్నడు. కానీ సరాయి తక్కువ మాట కాదు. దాని తారీఖ్ చాలా పెద్దది.

అక్బర్ కాలంలో షేర్‌షా చరిత్ర రాసిన అబ్బాస్ ఖాన్ సర్వానీ ఏం చెప్తడంటే, 1540 నుంచి 1545 దాకా రాజ్యమేలిన షేర్‌షా సూర్ సడక్‌ల పొడుగునా రెండు కోసులకొక సరాయి కట్టించిండట. మొత్తం 1700 అని ఆయన లెక్క. ప్రతి సరాయిలో హిందువులకు వేరే, ముసల్మాన్‌లకు వేరే కమ్రాలు. దర్వాజా దగ్గర నీళ్ల కుండలు. హిందూ ముసాఫిర్‌లకు నీళ్లు, పక్కలు, వంట చూడటానికి బ్రాహ్మణులను పెట్టిన్రు. గుర్రాలకు దాణా కూడా దొరికేది. ఈ ఖర్చంతా చుట్టుపక్కల ఊళ్ల మహసూలు నుంచి వచ్చేది. అంటే ముసాఫిర్ పడుకునే రాత్రికి రాజ్యమే కిరాయి కట్టినట్టు. 1605ల తఖ్త్ ఎక్కిన జహంగీర్ మొదట ఇచ్చిన హుకుంలల్ల కూడా దారుల మీద సరాయి, మస్జిద్, బావి కట్టాలన్న మాట ఉంది.

మన హైదరాబాద్ రియాసత్‌కొస్తే, నాంపల్లి స్టేషన్ ఎదురుంగ ఉన్న సరాయిని ఏడో నిజాం 1919ల కట్టించిండు. మక్కాలో నిజాం రుబాత్ సంగతి మన ఘరానాలల్ల తెలవనోళ్లుండరు. పాత హైదరాబాద్ రాజ్యం జిల్లాల నుంచి హజ్‌కు పోయేటోళ్లకు అక్కడ బస ముఫ్త్. జాగ తక్కువ, పోయేటోళ్లు ఎక్కువ కాబట్టి ఖుర్రా తీస్తరు. మన మంచిర్యాల 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలది, ఆదిలాబాద్ నిజాం రాజ్యంలది. అందుకే ఆ ఖుర్రాలో మన బొగ్గుబాయి మనుషుల పేర్లకు కూడా హక్కుంది.

అయితే ముఫ్త్ సరాయి పక్కనే కిరాయి సరాయి కూడా ఎప్పుడూ ఉంది. ఎక్కడ కిరాయి ఉంటదో అక్కడికి ఖానూన్ వస్తది.

బ్రిటిష్‌వాళ్లు 1867ల 'సరాయిల చట్టం' చేసిన్రు. అది చదివితే నాకు నవ్వూ వచ్చింది, ఇజ్జత్ కూడా కలిగింది. ముసాఫిర్‌లు ఉండటానికి వాడే ఏ ఇమారతైనా సరాయే. ఇంట్ల ఒక భాగమే వాడితే ఆ భాగమే సరాయి. అంటే మా పైరూములు కూడా అందులకే వస్తయి! నడిపేటోడు మేజిస్ట్రేట్ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి, దానికి పైసలు లేవు. అంటురోగం ఎవరికన్న వస్తే వెంటనే పోలీస్ ఠాణాకు చెప్పాలి. రూములు, మోరీలు, బావులు సాఫ్‌గ ఉంచాలి. దొంగలు ఎక్కి దిగే చెట్టుకొమ్మలు కొట్టేయాలి. కావలి పెట్టాలి. కిరాయిల ఫెహరిస్త్ అందరికీ కనబడేటట్టు, మేజిస్ట్రేట్ చెప్పిన భాషలల్ల వేలాడదీయాలి. ఇయ్యాల లాడ్జిల కౌంటర్ ఎనుక కనబడే రేట్ల బోర్డుకు ఇదే దాదా.

ఆ తర్వాత పన్ను వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 1987ల హోటళ్లు, లాడ్జిల మీద లగ్జరీ పన్ను చట్టం చేసిన్రు. 'లగ్జరీ' పేరు మీద రాష్ట్రాలు ఇట్ల పన్నేసుడు సరైనదేనని 1989ల సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి ఆ పన్నును మింగేసింది. మొదట్ల రోజుకు వెయ్యి రూపాయలలోపు రూముకు జీఎస్టీ లేకుండె. 2022 జూలై 18 నుంచి ఆ మాఫీ తీసేసి 12 శాతం చేసిన్రు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 7,500 రూపాయల దాకా 5 శాతమే. అంటే 800 రూపాయల రూముకు ఒకప్పుడు పన్ను సున్నా, తర్వాత 96 రూపాయలు, ఇప్పుడు 40 రూపాయలు.

ఈ హిసాబ్ చెప్పంగనే తమ్ముడు గాబరా పడ్డడు. గాబరా అక్కర లేదు. సేవల మీద ఏడాది ఆమ్దానీ 20 లక్షలు దాటితేనే మన రాష్ట్రంల జీఎస్టీ రిజిస్ట్రేషన్. రెండు రూములు, 800 చొప్పున, 12 రోజులిస్తే వచ్చేది 19,200. దానికి రిజిస్ట్రేషన్ మాటే లేదు. కానీ ఒక మెలిక ఉంది. ఫోన్ యాప్ ద్వారా ఇస్తే, మనం చిన్నోళ్లమైనా సరే, ఆ రూము మీద జీఎస్టీ యాప్ కంపెనీయే వసూలు చేసి కట్టాలి. ఇంగొక తేడా: కుటుంబం నివాసముండటానికి నెల కిరాయికి ఇచ్చుడు వేరు, ముసాఫిర్‌కు రోజు కిరాయికి ఇచ్చుడు వేరు. రెండోది కారోబార్ కిందికి వస్తది. కరెంటు మీటర్ ఇంటి కేటగిరీ, ఇంటి పన్ను నివాసం లెక్క, ట్రేడ్ లైసెన్స్, ఈ మూడింటి సంగతి క్యాతనపల్లి మున్సిపాలిటీలో, కరెంటు ఆఫీసులో ముందే అడగాలి. జుర్మానా పడ్డంక అడిగితే లాభం లేదు. విదేశీయులెవరన్న దిగితే 24 గంటలలోపు వాళ్ల వివరాలు సర్కార్‌కు చేర్చాలి, సొంత చుట్టమైనా సరే.

కంపెనీ క్వార్టర్లల్ల ఉండేటోళ్లకు ఒక మాట. క్వార్టర్ మనది కాదు, నౌక్రీతో వచ్చిన అమానత్. దాన్ని ఇంకొకరికి కిరాయికిచ్చే ఇజాజత్ లేదు. పుష్కరాల ఆశకు పోయి నౌక్రీ మీదికి తెచ్చుకోవద్దు.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంల ఒక షరతు నాకు బాగా నచ్చింది. ఒకటి నుంచి ఆరు రూముల దాకా ఇవ్వొచ్చు, కానీ ఇంటోళ్లు అదే ఇంట్ల ఉండాలి. న్యూయార్క్‌ల కూడా 2023 సెప్టెంబర్ నుంచి అట్లనే అమలైతున్నది: 30 రోజులకు తక్కువైతే ఇంటాయన ఇంట్లనే ఉండాలి, ఇద్దరు మెహమాన్‌లకు మించొద్దు, పేరు నమోదుండాలి. టెక్సాస్‌ల ఇల్లు అట్ల ఇచ్చే మా ఖాలా కొడుకు రాష్ట్రానికే 6 శాతం 'ఆక్యుపెన్సీ' పన్ను కడతడు, ఊరి పన్ను వేరే. 30 రోజులు దాటితే ఆ పన్ను లేదు. మెహమాన్ హక్కు మూడు రోజులని, ఆ పైన చేసేది సదఖా అని హదీస్. అమెరికా ముప్పై రోజులు లెక్కబెడితే మనది మూడు రోజుల లెక్క.

ఇదంతా విని అబ్బా చుప్ ఉన్నడు. అప్పుడు అమ్మీ మాట్లాడింది. "మెహమాన్ వచ్చినా దస్తర్‌ఖాన్ పరిచేది నేనే. ముసాఫిర్ వచ్చినా చాదర్ మార్చేది నేనే. మీ ఇద్దరిల ఒక్కరన్న నన్నడిగిన్రా?"

ఎవరం అడగలేదు. నిజమే.

ఇంకో సంగతి కూడా అమ్మీయే గుర్తు చేసింది. కొన్నేండ్ల కింద అబ్బాను దవాఖానాకు పట్నం తీస్కపోయినప్పుడు ఒక లాడ్జిల రూములున్నయన్నరు. ఆధార్ కార్డు మీద పేరు చూసినంక లేవన్నరు. ఆ రాత్రి దవాఖాన వరండాల చాదర్ పరుచుకొని పడుకున్నం. అబ్బా ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. కిరాయి ఇస్తమన్నా దొరకని రూము ఎట్లుంటదో మాకు తెలుసు. షేర్‌షా సరాయి దర్వాజా మీద ఇద్దరి కోసం నీళ్ల కుండలుండె. నాలుగు వందల ఎనభై ఏండ్ల తర్వాత ఒక కార్డు మీది పేరు చూసి తాళంచెవి ఎనుకకు పోయింది.

"పుష్కరాలకు గోదారి స్నానానికి వచ్చేటోళ్లు మన పేరు విని ఉంటరా?" అన్నడు అబ్బా చివరికి. ఆయన అసలు డర్ అదే అని అప్పుడు సమజైంది. పైసల సంగతి బహానా.

"ఉంటే ఉంటరు, పోతే పోతరు. మనమైతే ఎవర్నీ పేరు చూసి పంపియ్యం" అన్నది అమ్మీ. "రాసుకునే రిజిస్టర్‌ల పేరు రాస్తం, అంతే."

మొన్న తమ్ముడు మున్సిపాలిటీకి పోయి అడిగొచ్చిండు. అబ్బా ఇంకా పూరా ఒప్పుకోలేదు. కానీ నిన్న నా పాత హాజరు పట్టీ అడిగి తీసుకొని, స్కేల్‌తోని గీతలు కొడుతున్నడు: తారీఖ్, పేరు, ఊరు, ఎంతమంది, కిరాయి. ఆఖరి ఖానా ఖాళీగ ఉంటే ఏందని అడిగిన.

"బీమార్ మనిషి దవాఖానా కోసం వస్తే, కిరాయి తీస్కోమని రాసుకునే జాగ" అన్నడు.