చాదస్తం కాదు, మెదడు జబ్బు
పెద్దవాళ్లు అన్నం తిని కూడా తినలేదంటే చాదస్తమని కొట్టిపారేస్తూ వచ్చాం. 1906లోనే జర్మనీ డాక్టరు అల్జీమర్, మతి తప్పి చనిపోయిన ఒకామె మెదడు పరీక్షించి, ఇది జబ్బని చెప్పారు.

హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఇలాంటి 648 మందిని పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది.

మన వినుకొండ వైపు ఇంట్లో ఉర్దూ, లంబాడీ, మిర్చి కోతల్లో తెలుగు మాట్లాడే అక్కలు ఎందరో! బడికి పోకపోయినా మెదడుకి పని పెడుతున్నట్టే. దాంతోపాటు బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవాలి.

ఏ ఇంట్లో అత్తమ్మ దారి మరిచిపోతున్నా గ్రూపు మీటింగులో చెప్పుకుందాం, ఆసుపత్రికి తీసుకెళదాం. చూసుకునే కోడలు ఒక్కతే నలిగిపోకుండా వంతులేసుకుని తోడుందాం.