బొంత: ఒక మాట, ఒక కుట్టు

కొన్నేళ్ళ కిందట మా శాఖలో ఎం.ఏ. చదివిన ఒక విద్యార్థిని, బళ్ళారి వైపు తెలుగు కుటుంబపు పిల్ల, ఇంటి నుంచి తెచ్చుకున్న బొంతను హాస్టల్లో ట్రంకు పెట్టె అడుగున దాచిపెట్టింది. చలికాలమంతా పల్చటి దుప్పటితోనే గడిపింది. గదిలోని మిగతా పిల్లలు నవ్వుతారని ఆమె భయం. ఆ పిల్లలే ఒక ఆంగ్ల పత్రికలో ప్యాచ్‌వర్క్ క్విల్ట్ బొమ్మలు చూసి ఎంతో మెచ్చుకున్నారట. “రెండూ ఒకటే కదా సార్?” అని ఆమె నన్ను అడిగింది. పూర్తిగా ఒకటి కావు. ఆ తేడా ఎక్కడుందో, బొంత అనే మాటకు ఎంత వెనకటి చరిత్ర ఉందో అప్పుడు ఆమెకు చెప్పినదాన్నే కొంచెం విస్తరించి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పరిశోధన చేసే రోజుల్లో ఇంటి వస్తువుల పేర్ల పట్టిక తయారుచేస్తూ బొంతకు ఎదురుగా ‘చింకిగుడ్డల దుప్పటి’ అని రాశాను. బ్రౌను నిఘంటువు (1852) కూడా పాతగుడ్డల మాటే చెబుతుంది. మా అమ్మ ఆ కాగితం చూసి, “చినిగిపోయింది బొంతలోకి ఎందుకురా? నలిగి మెత్తబడ్డదే బొంతకు వస్తుంది. చినిగినవి మసిగుడ్డలకి” అంది. నిఘంటుకారుడు గుడ్డను బయటి నుంచి చూశాడు, నేనూ అంతే. కుట్టే మనిషికి మాత్రం ఏ గుడ్డ దేనికి పనికివస్తుందో కచ్చితమైన లెక్క ఉంది.

ఇక మాట సంగతి. కాకులలో పెద్దదాన్ని బొంతకాకి అంటాం. కూరకు వాడే లావుపాటి అరటి బొంత అరటి. జెముళ్ళలో దళసరి కాండం ఉన్న ఒకదానికి బొంతజెముడు అని పేరు. ఈ మూడింటిలోనూ గుడ్డల ప్రసక్తి లేదు, లేమి ప్రసక్తి అంతకన్నా లేదు, ఉన్నదల్లా లావు. పడక మీది బొంతకు కూడా దళసరితనం వల్లనే ఆ పేరు వచ్చిందని నా అభిప్రాయం. సంస్కృతంలోని కంథ కథ వేరు. ఒడియా, బెంగాలీలలో అది కుట్టుదుప్పటి పేరుగా గౌరవంగానే నిలిచింది. తమిళంలో కందై అయి చింకిగుడ్డ అనే అర్థానికి దిగింది. బరంపురంలో పెరిగిన తెలుగు పిల్లలకూ మదురైలో పెరిగినవారికీ ఆ ఒక్క మాట రెండు తీరులుగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగు కవులు కంథకు బదులు బొంత అనడానికి సంకోచించలేదు. కార్యసాధకుడైనవాడు ఒకప్పుడు కంథ, మరొకప్పుడు దివ్యాంబరం ధరిస్తాడని చెప్పే శ్లోకం భర్తృహరి నీతిశతకంలో ఉంది. 18వ శతాబ్దిలో ఏనుగు లక్ష్మణకవి దాన్ని తెనిగిస్తూ కంథ ఉన్నచోట బొంత అనే వాడాడు. ఆ పద్యాన్ని బడిలో కంఠస్థం చేసినవారే ఇంట్లో ఆ మాట అనడానికి సిగ్గుపడటం వింతగా ఉంటుంది.

కర్ణాటకలో చదివేవారు తప్పక తెలుసుకోవలసినది ఇంకొకటి ఉంది. కన్నడంలోనూ బొంతె అనే మాట ఉంది. శివశరణులలో బొంతాదేవి ఒకరు. ఆమె కాశ్మీర దేశపు రాజకుమార్తె అనీ, సర్వం వదిలి దిగంబరిగా కల్యాణానికి బయలుదేరితే శివుడు ఆమెకు బొంతె ప్రసాదించాడనీ, ఆ పేరు అందువల్ల వచ్చిందనీ వీరశైవ సంప్రదాయం చెబుతుంది. బిడాడి అనే ముద్రతో ఆమె వచనాలు కొన్ని దొరుకుతున్నాయి. కథ నిజానిజాలు ఎలా ఉన్నా, దేవుడు కప్పిన వస్త్రం పట్టుచీర అని చెప్పుకోలేదు, బొంతె అని చెప్పుకున్నారు. ఇప్పుడు ఉత్తర కర్ణాటకలో ఎక్కువగా వినిపించే మాట కౌది, మహారాష్ట్రలో గోధడి. బళ్ళారి తెలుగు ఇళ్ళలో బొంత అంటారు, బజారులో కౌది అంటారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు వెళ్ళింది. అక్కాచెల్లెళ్ళ ఇళ్ళు చెరొక రాష్ట్రంలో పడ్డాయి గాని పడకగుడ్డల పేర్లు ఆ గీతను పట్టించుకోలేదు.

గుడ్డను ముక్కలుగా కోసి మళ్ళీ కలిపి కుట్టడం లేమి వల్లనే పుట్టిందని కూడా అనలేం. పాలి వినయపిటకంలో మహావగ్గంలోని చీవర ప్రకరణం చూడండి. బుద్ధుడు దక్ఖిణాగిరికి పోతూ మగధ పొలాలనూ వాటి నిలువుగట్లనూ అడ్డగట్లనూ చూసి, భిక్షువుల చీవరాలు ఈ తీరున కూర్చగలవా అని ఆనందుణ్ణి అడుగుతాడు. ఆనందుడు కూర్చి చూపిస్తాడు. అప్పటి నుంచి కోసి కుట్టిన వస్త్రం భిక్షువులకు నియమమైంది. కత్తి పడిన గుడ్డకు ఇతరులు ఆశపడరన్నది అందులోని ఎరుక. అందులోని భాగాలకు కుసి, అడ్ఢకుసి అని పేర్లు కూడా ఉన్నాయి. ముక్కలను ముందే ఒక కొలతకు కోసుకుని క్రమంలో కూర్చే పద్ధతికి మన దేశంలో ఇంత పాత సాక్ష్యం ఉంది. చైనాలోని దున్‌హువాంగ్ గుహలో 1907లో అరెల్ స్టైన్‌కు దొరికిన పట్టుముక్కల భిక్షువస్త్రం బ్రిటిష్ మ్యూజియానికి చేరింది.

ఇప్పుడు కుట్టు దగ్గరికి వద్దాం. ఆ విద్యార్థిని ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అమెరికాలో 19వ శతాబ్ది చివర, ఒకే ఆకారపు ముక్కలతో, ఏ రెండు ముక్కలూ ఒకే గుడ్డవి కాకుండా కుట్టే వేడుక వచ్చింది. వాటిని చార్మ్ క్విల్టులు అన్నారు. ఇప్పుడు అక్కడి దుకాణాలలో అమ్మే 5 అంగుళాల చదరపు ముక్కల కట్టలకు చార్మ్ ప్యాకులు అనే పేరు అక్కడి నుంచే వచ్చింది. ముక్కకు ముక్క కుట్టేటప్పుడు ప్రతి అంచునా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కనుక 5 అంగుళాల ముక్క చివరికి నాలుగున్నర అంగుళాలే కనిపిస్తుంది. వరుసకు 12 చొప్పున 18 వరుసలు, మొత్తం 216 ముక్కలు కొన్నవారు 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు వస్తుందనుకుంటే 54, 81 మాత్రమే మిగులుతాయి. ఒక ముక్క వంకరగా కోసినా ఆ వంకర వరుసంతా పాకుతుంది. పై పొర ఇలా పూర్తయ్యాక మధ్య దూది, అడుగున అస్తరు పెట్టి మూడింటినీ కలిపి మరోసారి కుడతారు.

బొంతలో ఈ రెండు పనులూ ఒకటే. అడుగున పాత చీర పరిచి, దాని మీద నలిగిన పంచెలూ చీరలూ పొరలుగా వేసి, పైన ముక్కలు పేర్చి, అంచులు లోపలికి మడుస్తూ పెద్దసూదితోనో దబ్బనంతోనో కుట్టుకుంటూ పోతారు. ముక్కను నిలిపే కుట్టే పొరలనూ బిగిస్తుంది. ముక్క కొంచెం పెద్దదైతే మడత పెరుగుతుంది, చిన్నదైతే పక్క ముక్క దాని మీదికి జరుగుతుంది. కొలబద్దతో పని లేదు, నేర్పంతా మడతలో ఉంది. లెక్క రాక అలా కుడతారనుకునేవారు ఒక జానెడు కుట్టి చూడాలి.

ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీల పనిలో ఈ పద్ధతి చాలా స్పష్టంగా కనిపిస్తుంది. పోర్చుగీసువారు గోవాకు తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి వీరిలో ఎక్కువ. యెల్లాపుర, హళియాళ, ముండగోడ ప్రాంతాలలో స్థిరపడ్డారు. వాళ్ళ బొంత పేరు కవంద్. ఒక మూల మొదలుపెట్టి అంచు వెంట చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకొచ్చి నడుమ ముగిస్తారు. నాలుగు మూలలా మడిచిన గుడ్డతో పూలు కుడతారు. అవి లేని కవంద్ వాళ్ళ లెక్కలో బట్టలేని మనిషి వంటిది. కళాచరిత్రకారుడు హెన్రీ డ్రూవల్ వీటిని అధ్యయనం చేశారు. 2011లో న్యూయార్క్‌లోని షోంబర్గ్ కేంద్రంలో ఇవి ప్రదర్శనకెక్కాయి. బెంగాలీలో జసీముద్దీన్ 1929లో కంథ పేరుతోనే కావ్యం రాశాడు. బొంతకు మిగిలింది ‘గంతకు తగ్గ బొంత’ అనే ఎకసెక్కం.

బొంత వెనకబడటానికి కారణాలు వెతికితే ఒకచోట మనవాళ్ళే ఎదురవుతారు. సోలాపూర్‌లో మొదటి నూలు మిల్లు 1877లో వచ్చింది. తెలుగు నేల నుంచి వెళ్ళిన పద్మశాలీలు అక్కడ మగ్గాల మీద, తరువాత మరమగ్గాల మీద నిలదొక్కుకున్నారు. వాళ్ళు నేసిన దళసరి చద్దర్లు దక్కను సంతలన్నిటికీ చేరాయి. రోజుల తరబడి కూర్చుని కుట్టేదానికి బదులు సంతలో కొనుక్కునేది దొరికింది. వాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు, అది వాళ్ళ అన్నం. అంతకన్నా పెద్ద దెబ్బ నైలాన్, పాలియెస్టర్ చీరలు వేశాయి. అవి నలగవు, మెత్తబడవు, చెమట పీల్చవు, సూది కింద జారిపోతాయి. మహారాష్ట్రలో, ఉత్తర కర్ణాటకలో గోంధళి స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఆ ఇంటి గుడ్డలతోనే కుట్టిపెట్టేవారు. ఆ ఇంటి గుడ్డే మారిపోతే కుట్టేదేముంది? ఇప్పుడు దర్జీ అంగళ్ళలో మిగిలిన కత్తిరింపులు తెచ్చి కుడుతున్నవారున్నారు. బళ్ళారిలో జీన్స్ కుట్టే పని పెరిగాక ఆ మోటు ముక్కలు కూడా బొంతల్లోకి వచ్చాయి. చూడటానికి బాగానే ఉంటాయి గాని బరువెక్కువ, ఉతకడం కష్టం.

ఆ విద్యార్థిని తన బొంత ఒక మూల కుట్టు ఊడిందని వేసవి సెలవులకు ముందు తెచ్చి చూపించింది. మళ్ళీ కుట్టేముందు ఇద్దరం పొరలు లెక్కపెట్టాం. పైన పూల పాలియెస్టరు, అది వాళ్ళ అమ్మది. దాని కింద మిల్లు వాయిలు. ఆ కింద మగ్గం నేత నూలుచీర, ఎరుపు వెలిసి ఇటుక రంగు తేలింది; అది అవ్వదని అంచును బట్టి గుర్తుపట్టింది. అన్నిటికన్నా అడుగున ఒక పంచె ముక్క. అది ఎవరిదో ఆమెకు తెలియదు. ఆ రాత్రి ఇంటికి ఫోను చేసింది. ఆదోనిలో ఉండిపోయిన అవ్వ తమ్ముడిదని చెప్పారట. ఆ పిల్ల అప్పటిదాకా అటువంటి మనిషి ఉన్నాడనే వినలేదు. మర్నాడు మూల కుట్టాం. నా కుట్లు వంకర పోతే ఆమె విప్పి మళ్ళీ వేసింది.